మూడో ప్రకటన

ఏప్రిల్ 10, సోమవారం

ఈస్టరు అయిపోయింది. నలభై రోజులు మాంసం మానేసిన నోటికి నిన్న కోడికూర తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది. షుగరుంది, తీపి ముట్టొద్దన్నాడు డాక్టరు. సేమ్యా పాయసం రెండు గరిటెలు వేసుకున్నాను. ప్రభువు లేచిన రోజున కూడా తినకపోతే ఇంకెప్పుడు తింటాను? డాక్టరు మాట ఇవాళ్టి నుంచి వింటాను.

గుడిలో మా లాయిడ్ కీబోర్డు వాయించాడు. వాడు వాయిస్తుంటే గొంతు లేని వాళ్లు కూడా పాడతారు. బయటికొచ్చాక స్త్రీల సమాజం వాళ్లంతా నా చుట్టూ చేరి, "మీ మనవడు వజ్రమండీ మేరమ్మగారూ. తాగడు, సిగరెట్టు ముట్టడు, ఆదివారం తప్పడు" అన్నారు. మా అమ్మాయి రూతు పోయేనాటికి వాడికి నాలుగేళ్లు. తండ్రి ఈ అండమాన్ వదిలి మెయిన్‌ల్యాండు వెళ్లి ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ ఇరవై మూడేళ్లుగా వాడికి తల్లీ తండ్రీ నేనే. ఎవరి దిష్టీ తగలకూడదు. ముప్పై రెండేళ్లు తెలుగు పాఠాలు, అన్నేళ్లూ సండేస్కూలూ చెప్పినదాన్ని, దిష్టి అంటున్నాను చూడు. నోటి అలవాటు.

ఎండలు ముదిరాయి. ఆస్టినాబాదులో కుళాయి మూడు రోజులకోసారి వస్తోంది. వాడి స్నానం బకెట్టు విడిగా మూత పెట్టి ఉంచాను. అందులోంచి చెంబెడు కూడా తియ్యకూడదు. జాగ్రత్తగా ఉండాలి.

బల్ల గుడ్డ మీద ద్రాక్షరసం ఒలికింది. రేపు ఉతకాలి. ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డ ముప్పై ఏళ్లుగా నా చేతికి తప్ప ఎవరికీ ఇవ్వరు. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే మడత కత్తిలా నిలబడాలి. ఈ కాలం పిల్లలకి ఆ గంజి కలపడం చేతకాదు.

ఏప్రిల్ 11, మంగళవారం

నీళ్ల డ్రమ్ము దగ్గర పాచి మీద కాలు జారి పడ్డాను. ఎడమ చెయ్యి.

ఏప్రిల్ 12, బుధవారం

మణికట్టు దగ్గర విరిగిందట. సిమెంటు కట్టు వేశారు. ఆరు వారాలు. కుడిచెయ్యి బాగానే ఉంది కాబట్టి రాసుకోగలుగుతున్నాను.

కుర్ర డాక్టరు ఎక్స్‌రే ఫొటో చూసి "కైసే గిరే ఆంటీ?" అన్నాడు. డ్రమ్ము దగ్గర జారానని చెప్పాను. పడితే ఎముక ఇలా మెలి తిరిగి విరగదే అని హిందీలో తనలో తనే అనుకుని, లాయిడ్ వైపు చూసి, మళ్లీ కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నిన్న గాక మొన్న చదువు ముగించి ఓడ దిగిన పిల్లాడు, వాడికేం తెలుసు.

లాయిడ్ నన్ను చంటిపిల్లలా చూసుకున్నాడు. చేతుల మీద ఆటో ఎక్కించాడు. ఇంటికొచ్చాక తల దువ్వి జడ వేశాడు, అన్నం కలిపి ముద్దలు పెట్టాడు. వాడు ఏడిచాడు. నేనూ ఏడిచాను. "అమ్మమ్మా, తూ బైఠ్, అన్నీ నేను చూసుకుంటా" అన్నాడు. మందుల షాపు నుంచి వస్తూ నాకిష్టమని బాదం బిస్కెట్లు కూడా తెచ్చాడు. ఇంత ప్రేమ ఏ మనవడికి ఉంటుంది?

ఏప్రిల్ 14, శుక్రవారం

చేపల గవరమ్మ వచ్చింది. బుట్ట దించగానే నా చెయ్యి చూసింది.

"ఓలమ్మో, ఏటయ్యింది టీచరమ్మా?"

పాచి మీద జారానన్నాను. అది బుట్ట అక్కడే వదిలేసి డ్రమ్ము దగ్గరికి వెళ్లింది. నేలమీద అరికాలు రాసి చూసింది. తిరిగొచ్చి నా ఎదురుగా గొంతుక్కూచుంది.

"పాసెక్కడిదమ్మా ఈ ఎండల్లో? మూడు దినాలకోపాలి నీల్లొస్తన్నాయి. నేలంతా ఎండి బీటలేసింది. నానేటి ఎర్రిదాన్నా?"

"చేపలమ్ముకోడానికి వచ్చావా, పంచాయితీ చెయ్యడానికి వచ్చావా?" అని గయ్‌మన్నాను.

"అమ్ముకోడానికే వొచ్చినాను. మా ఆయన కొట్టినప్పుడు నానూ గడప తగిలిందనే సెప్పీదాన్ని. ఆడు సచ్చినాక గడప తగల్లేదు" అంది.

చేపలు వద్దని పంపేశాను. మంచి వంజరం. తలకాయ పులుసుకి ఎంత బాగుండేదో. మధ్యాహ్నం పప్పూ అప్పడంతో తిన్నాను. దాని నోరు మండ.

ఏప్రిల్ 16, ఆదివారం

ఇవాళ గుడిలో సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. పాస్టరు అయ్యగారే అడిగారు, మన టీచరమ్మను దేవుడు ఎలా కాపాడాడో విందాం అని. డ్రమ్ము దగ్గర జారినా తలకి దెబ్బ తగలకుండా ప్రభువు నన్ను తన చేతులమీద ఎత్తి పట్టుకున్నాడని చెప్పాను. నా మనవడు తల్లిలా చూసుకుంటున్నాడని చెప్పాను. లాయిడ్ కీబోర్డు మీద మెల్లగా వాయిస్తున్నాడు, సాక్ష్యం చెప్పేవాళ్ల వెనక వాయించడం వాడికి అలవాటు. అందరూ ఆమేన్ అన్నారు. చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చి రెండు చెంబుల నీళ్లు తాగాను.

కాపాడిన మాట నిజమే కదా. తలకి తగల్లేదు కదా.

ఏప్రిల్ 18, మంగళవారం

మంచి కబురు! హోప్‌టౌన్ ప్రేమయ్య లాంచీ ఎక్కి వచ్చాడు. పడవలు చేసే వడ్రంగి, ఉంగరాల జుట్టు, ఇంకా ఒక్క వెంట్రుక నెరవలేదు, నాకు అసూయ. వాళ్ల అమ్మాయి ఫేబేని లాయిడ్ పెళ్లికి అడిగాడట. పాటల బృందంలో ముందు వరసలో నిలబడే పిల్ల, అబర్డీన్ బజారులో బట్టల షాపులో బిల్లులు కొడుతుంది. నా సండేస్కూలు పిల్లే. ఆరేళ్లప్పుడు దావీదు గొల్యాతు కథ చెబుతుంటే, "టీచరమ్మా, గొల్యాతుకి అమ్మ లేదా?" అని అడిగింది. నాకిప్పటికీ దానికి జవాబు దొరకలేదు.

"టీచరమ్మా, మీ పెంపకంలోని కుర్రాడు. ఇంకేం చూడాలి?" అన్నాడు ప్రేమయ్య.

చెయ్యి నొప్పిగా ఉన్నా టీ నేనే పెట్టాను. గుడిలో మూడు ఆదివారాల పెళ్లి ప్రకటనలు వచ్చే వారం మొదలు. పెళ్లి మే 11, గురువారం.

పెళ్లయితే కుదురుకుంటాడు. బాధ్యత నెత్తిన పడితే మగవాళ్లు కుదురుకుంటారు. మా ఆయనా అంతే.

ఏప్రిల్ 23, ఆదివారం

మొదటి ప్రకటన. అయ్యగారు గొంతు సవరించుకుని, ఆస్టినాబాదు నివాసి లాయిడ్‌కును, హోప్‌టౌన్ నివాసి ప్రేమయ్య కుమార్తె ఫేబేకును జరగబోవు వివాహమునకు ఆటంకమేదైనా ఎరిగినవారు ముందుకు వచ్చి తెలుపవలెనని చదివారు. ఎన్ని వందలసార్లు విన్నానో ఈ మాటలు. ఎవరూ లేవరు. మా చిన్నప్పుడు ఒకసారి ఒకాయన లేస్తే, గుడి బయట చెప్పులు వదిలొచ్చాను, కుక్క లాక్కుపోతోందన్నాడు. అది తలుచుకుని ప్రతిసారీ నవ్వుకుంటాను.

ఇవాళ నవ్వు రాలేదు. చెయ్యి నొప్పి.

ఏప్రిల్ 25, మంగళవారం

ఫేబేతో బజారుకి వెళ్లాను. పెళ్లిచీర తెలుపు మీద సన్నటి బంగారు అంచు. నాకు గంధం రంగుది కొంది, తన జీతంతో. వద్దంటే వినదు. ఇరవై చీరలు తీయించి, అన్నిటికీ వంక పెట్టి, మొదట చూసినదే తీసుకున్నాం. షాపువాడు దండం పెట్టాడు. ఎంత సంతోషంగా ఉందో ఆ గంట! లస్సీ తాగాం. చక్కెర వెయ్యొద్దని ఫేబే చెప్పింది, నేను వెనక నుంచి వెయ్యమని సైగ చేశాను.

ఫేబే ఫోను మోగుతూనే ఉంది, లాయిడే. పదకొండు సార్లు, నేను లెక్కపెట్టాను. ప్రతిసారీ ఉలిక్కిపడి ఎత్తుతుంది. "హాఁ, అమ్మమ్మతోనే ఉన్నా. కసమ్‌సే." ఒకసారి ఫోను నా చెవి దగ్గర పెట్టింది, నా గొంతు వినిపించాలని.

తర్వాత చెప్పింది, షాపు ఉద్యోగం మానెయ్యమన్నాడట. మగవాళ్లకి బిల్లులు కొట్టే పని తన పెళ్లానికి అక్కర్లేదన్నాడట. ఈ నెలాఖరుకి మానేస్తానని రాసిచ్చేసింది.

లస్సీ గ్లాసు పక్కన పెట్టి నా కట్టు మీద చెయ్యి వేసింది.

"అమ్మమ్మా, సచ్ బోలో. లాయిడ్‌కి గుస్సా ఎక్కువా?"

నేను నవ్వాను. "మగపిల్లాడికి ఆ మాత్రం కోపం లేకపోతే ఎలాగమ్మా. పెళ్లయితే కుదురుకుంటాడు" అన్నాను.

ఆ పిల్ల కూడా నవ్వింది. నేను చెప్పింది నమ్మింది. చిన్నప్పట్నుంచీ నేను చెప్పింది నమ్ముతుంది.

ఏప్రిల్ 27, గురువారం

మా ఆయన పెళ్లయ్యాక కుదురుకోలేదు. పక్షవాతం వచ్చాక కుదురుకున్నాడు.

ఏప్రిల్ 30, ఆదివారం

రెండో ప్రకటన. అయ్యగారు చదువుతున్నప్పుడు నాకు దగ్గు వచ్చింది. తెరలు తెరలుగా వచ్చింది, ఆగలేదు. పక్కావిడ వీపు నిమిరింది. దగ్గు తగ్గేసరికి చదవడం అయిపోయింది.

మే 1, సోమవారం

లాయిడ్ ఫెర్రీ మీద లిటిల్ అండమాన్ వెళ్లాడు, ఇంజను రూములో డ్యూటీ. రేపు సాయంత్రం దాకా రాడు. ఇల్లంతా నాది. కాళ్లు చాపుకుని రేడియోలో పాత పాటలు విన్నాను. మామిడికాయ ఒంటిచేత్తో తరిగి ఉప్పూకారం అద్దుకుని తిన్నాను. వాడు లేనప్పుడు మామిడికాయ ఎంత రుచిగా ఉందో.

ఆ మాట రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఈ పుస్తకం ఎవరూ చదవరు. లాయిడ్‌కి తెలుగు చదవడం సరిగ్గా రాదు, నేను నేర్పబోతే వాడు హిందీ స్కూలుకి పోయాడు. మరి దీంట్లో కూడా ఎందుకు అబద్ధం రాశాను? పాచి అట, పాచి! చేపలమ్మే గవరమ్మకున్న నిజాయితీ లేదు నాకు.

నిజం ఇది. పదకొండో తారీకున బల్ల గుడ్డ మరక పోలేదు. డ్రమ్ములో నీళ్లు అడుగంటాయి. వాడి బకెట్టులోంచి రెండు చెంబులు తీసుకున్నాను. సాయంత్రానికి కుళాయి వస్తుంది, నింపెయ్యొచ్చు అనుకున్నాను. కుళాయి రాలేదు. వాడు డ్యూటీ నుంచి వచ్చి బకెట్టు మూత తీసి చూశాడు. అరవలేదు. వాడు ఎప్పుడూ అరవడు, పక్కింటికి వినిపించకూడదని. నా మణికట్టు పట్టుకుని, బట్ట పిండినట్టు తిప్పాడు. "ఎన్నిసార్లు చెప్పాలి?" అని మెల్లగా అడిగాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినబడింది. అప్పుడు ఏడిచాడు.

ఇది నాలుగోసారి. మొదటిసారి వాడికి పదహారేళ్లు, చెంపమీద. రెండోది నా జుట్టు. మూడోది రాయను.

ఇరవై మూడేళ్లు తల్లీ తండ్రీ నేనే అని గొప్పగా రాసుకున్నాను. అయితే ఇది కూడా నాదే.

మే 2, మంగళవారం

పొద్దున్నే హోప్‌టౌన్ వెళ్లాను. చాతాం జెట్టీ నుంచి బాంబూఫ్లాట్ లాంచీ, అక్కణ్ణుంచి ఆటో. లాంచీలో ఎప్పుడూ సముద్రం వైపు నిలబడతాను, గాలికి చీర చెంగు ఎగరడం నాకు ఈ వయసులో కూడా ఇష్టం. ఇవాళ లోపల కూర్చున్నాను. చెప్పాల్సిన మాటలు వరసగా పేర్చుకున్నాను.

ప్రేమయ్య పెరట్లో పడౌక్ చెక్కతో మంచం చేస్తున్నాడు, పెళ్లికి. నలుగురు పట్టేంత మంచం. తలవైపు పావురాన్ని చెక్కాడు. చిత్రిక పట్టిన ఎర్రటి పొట్టు పాదాల దాకా ఉంది. నన్ను చూడగానే స్టూలు తెచ్చి వేసి, కొబ్బరిబోండాం కొట్టిచ్చాడు.

"ప్రేమయ్యా, మా వాడికి కోపమెక్కువ" అన్నాను.

"కుర్రాడు కదమ్మా."

"చెయ్యి చేసుకుంటాడు."

ఉలి కింద పెట్టాడు. నా కట్టు వైపు చూశాడు. చూశాడు, నాకు తెలుసు. తర్వాత మంచం కోడు మీద పొట్టు చేత్తో తుడిచాడు.

"టీచరమ్మా, ఫేబే పెద్దమ్మ కూతురికి తాగుబోతుని కట్టబెట్టాం. అర్ధరాత్రి రోడ్డుమీద పడుంటాడు. మీ వాడు తాగడు కదా. ఆ ఒక్కటీ చాలమ్మా మాకు. కార్డులు కూడా పంచేశాం." ఉలి మళ్లీ చేతికి తీసుకుని, "ఆ పైన మీరున్నారు కదా ఇంట్లో. మీరు చూసుకోరా?" అన్నాడు.

బోండాం నీళ్లు తాగేసి వచ్చేశాను. ఇంట్లో నేనుంటే ఏం ఒరగబెడతానో నా చెయ్యి చూస్తే తెలియడంలా?

మే 4, గురువారం

అయ్యగారి దగ్గరికి వెళ్లాను. అంతా చెప్పాను, ఒక్క మాట దాచకుండా. నమ్మలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మేరమ్మగారూ, పదహారో తారీకున సంఘం ముందు నిలబడి మీరేం సాక్ష్యమిచ్చారు?" అన్నారు.

"ఆ సాక్ష్యం అబద్ధమండీ. ఏప్రిల్‌లో నీళ్లే లేవు, పాచి ఎక్కడిది? మీరే వచ్చి నేల చూడండి."

"మనవడు చేయి దాటిపోతున్నాడని బెంగ పెట్టుకున్నారు. పెద్దవయసులో సహజం" అన్నారు. నా వయసు డెబ్బై. బెంగకీ ఎముకకీ తేడా తెలియనంత ముసలిదాన్ని కాలేదింకా. ప్రార్థన చేశారు. లాయిడ్‌ని పిలిచి మాట్లాడతానన్నారు.

"వద్దండీ, వాడితో చెప్పకండి" అని రెండు చేతులూ జోడించబోయాను. ఒక చెయ్యి లేవలేదు.

మే 5, శుక్రవారం

చెప్పారు.

పొద్దున కుళాయి వచ్చింది. డ్రమ్ము నిండా పట్టాను, రెండు బకెట్లు, మూడు బిందెలు. ఒంటిచేత్తో గంటన్నర పట్టింది. మూడు రోజుల నీళ్లు.

మధ్యాహ్నం లాయిడ్ వచ్చాడు. నాకు టీ పెట్టి ఇచ్చాడు. నేను తాగేదాకా ఎదురుగా కూర్చున్నాడు. "అయ్యగారితో పాచి లేదన్నావంట కదా అమ్మమ్మా?" అని నవ్వాడు. తర్వాత పెరట్లోకి వెళ్లి డ్రమ్ము వంచేశాడు. బకెట్లు, బిందెలు ఒక్కోటీ తెచ్చి నేలమీద పోశాడు. ఒక్క చెంబు మిగల్చలేదు. పెరడంతా బురద.

"లో, హో గయా. ఇప్పుడు జారు" అన్నాడు.

వాడు చెయ్యెత్తలేదు. ఒక్క దెబ్బ వెయ్యలేదు. పదహారేళ్లప్పుడు వాణ్ని చూసి భయపడలేదు నేను, కోపమొచ్చింది. ఇవాళ భయమేసింది.

పక్కింటి నూకన్న భార్య దగ్గర బిందెడు నీళ్లు అడిగి తెచ్చుకున్నాను.

మే 6, శనివారం

బల్ల గుడ్డ ఇస్త్రీ చేశాను. తినబుద్ధి కాలేదు.

మే 7, ఆదివారం

గంధం రంగు చీర కట్టుకున్నాను. ఫేబే కొన్నది. ఇంకేది కట్టినా ధైర్యం చాలదనిపించింది.

పాటలు, వాక్యం, కానుకలు. తర్వాత అయ్యగారు కాగితం తీశారు. మూడవ ప్రకటన, కడపటి ప్రకటన అన్నారు. ఆటంకమేదైనా ఎరిగినవారు అనగానే లేచాను. నా మోకాళ్లు కటకటమన్న చప్పుడు ముందు బెంచీ దాకా వినబడి ఉంటుంది.

"నాకు తెలుసు ఆటంకం" అన్నాను.

గుడంతా వెనక్కి తిరిగింది. అయ్యగారు "మేరమ్మగారూ, కూర్చోండి" అన్నారు. అంతలో కీబోర్డు మొదలైంది. లాయిడ్ వాయిస్తున్నాడు, గట్టిగా, స్తుతి పాట ఎత్తుగడ. వాడికి తెలుసు సంఘం సంగతి. కీబోర్డు మోగిందంటే లేచి పాడడమే అలవాటు మాకు. అందరూ లేచారు. పాట అందుకున్నారు! నన్ను చూస్తూ, నోళ్లు తెరిచి, స్తుతి పాడుతున్నారు. నేను అరుస్తున్నాను. నా చెయ్యి వీడే విరిచాడు, నేను జారలేదు, ఆ సాక్ష్యం అబద్ధం, దేవుడి ముందు అబద్ధమాడాను అని అరుస్తున్నాను. నా పక్కావిడ చప్పట్లు కొడుతూ పాడుతోంది. నా మాట నాకే వినబడలేదు. ప్రభువా, ఇంత ఒంటరితనం నా జీవితంలో ఎరగను.

పాటల బృందంలోంచి ఫేబే దిగింది. గోడ దగ్గరికి నడిచి, వంగి, కీబోర్డు ప్లగ్గు పీకేసింది.

పాట రెండు చరణాల మధ్యలో తెగిపోయింది. ఆ పిల్ల చేతిలో వైరు పట్టుకునే నిలబడి, "టీచరమ్మ ఏదో చెప్తోంది. వినండి" అంది.

లాయిడ్ లేచి రెండంగల్లో వెళ్లి ఫేబే మణికట్టు పట్టుకున్నాడు. అరవలేదు. మెల్లగా ఏదో అడిగాడు. ఆ పట్టు నాకు తెలుసు, బొటనవేలు ఎక్కడ పెడతాడో, ఏ వైపు తిప్పుతాడో. ఫేబే ఒక పక్కకి వంగిపోయింది, వైరు కింద పడిపోయింది. రెండు వందల మంది చూస్తున్నారన్న సంగతి వాడికి గుర్తొచ్చి వదిలేశాడు. చాలా ఆలస్యంగా గుర్తొచ్చింది.

ప్రేమయ్య మగవాళ్ల బెంచీలోంచి లేచి వచ్చాడు. లాయిడ్‌ని ఒక్క మాట అనలేదు. కూతురి భుజం చుట్టూ చెయ్యి వేసి, గుడి మధ్యలోంచి నడిపించుకుని బయటికి తీసుకుపోయాడు. నా పక్కనించే వెళ్లారు. నా వైపు చూడలేదు.

అయ్యగారు ఆశీర్వాదం చెప్పడం మర్చిపోయారు. లాయిడ్ పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు. జనం నెమ్మదిగా వెళ్లారు. ఎవరో "సొంత మనవణ్ని సంఘంలో బజారుకీడ్చింది, ఎలాంటి మనిషో" అన్నారు. వాళ్లు గొంతు తగ్గించడానికి కూడా ప్రయత్నించలేదు.

మే 8, సోమవారం

సంఘ పెద్దలు ముగ్గురు వచ్చారు. అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు క్రిస్మస్ దాకా నేను ప్రభువు బల్లకి, రొట్టె ద్రాక్షరసం పుచ్చుకోడానికి రాకూడదట. న్యాయమే. మరి చెయ్యి విరిచినవాడికో అని అడిగాను. అతని విషయం ప్రార్థనలో ఉంచామన్నారు. బల్ల గుడ్డ ఇచ్చెయ్యమన్నారు. మడత చెడకుండా కాగితంలో చుట్టి ఇచ్చాను. గంజి పాళ్లు చెప్పబోయాను. వినిపించుకోలేదు.

లాయిడ్ నిన్న రాలేదు. ఇవాళా రాలేదు. ఫోను ఎత్తడు.

మే 9, మంగళవారం

ఫేబే వచ్చింది, ఒక్కతే. ప్రధానం ఉంగరం తెచ్చి బల్ల మీద పెట్టింది. మణికట్టు మీద నాలుగు వేళ్ల గుర్తులు, నీలంగా. కూర్చోమంటే కూర్చోలేదు.

"షాపులో నా జాగాలో వేరే అమ్మాయిని పెట్టేసుకున్నారు" అంది.

"నేనొచ్చి మాట్లాడతానమ్మా."

"ఆ రోజు లస్సీ షాపులో అడిగా కదా టీచరమ్మా. సచ్ బోలో అని అడిగా. చెయ్యి పట్టుకుని మరీ అడిగా. నువ్వు నవ్వావ్."

"నవ్వానమ్మా."

"ఎందుకు నవ్వావ్?"

ఏమని చెప్పను? నిజం చెబితే నా పెంపకం పోతుంది, నలుగురిలో వజ్రం పోతుంది, ముసలితనంలో నా ఇంట్లో ఒక్క మగదిక్కు పోతుంది. ఇంకొకటి కూడా ఉంది, ఇది ఆ పిల్లతో అనలేకపోయాను. ఫేబే వస్తే నా వంతు తప్పుతుందేమో అనుకున్నాను. అవును. ఎక్కడో లోపల, అలా అనుకున్నాను. వాడి కోపానికి ఇంకొక మనిషి దొరుకుతుందని.

ఆ పిల్ల చెప్పులేసుకుని వెళ్లిపోయింది. అమ్మమ్మా అని ఒక్కసారి కూడా అనలేదు. గేటు దాకా వెళ్లాను. వెనక్కి తిరగలేదు.

మే 10, బుధవారం

ఫెర్రీ ఆఫీసుకి ఫోను చేశాను. లాయిడ్ నిన్న నికోబార్ వెళ్లే ఓడకి డ్యూటీ మార్పించుకున్నాడట. బట్టలు కూడా తీసుకెళ్లలేదు. తినడానికేం దొరుకుతుందో. వాడికి మిరియాల చారు లేకపోతే ముద్ద దిగదు. జ్వరమొస్తే రాత్రంతా ఈ ఒళ్లోనే పడుకునేవాడు, నా చీర చెంగు నోట్లో పెట్టుకుని. వాడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఇది అబద్ధం కాదు.

గవరమ్మ వచ్చింది. ఏమీ అడగలేదు. వంజరం తలకాయ ఊరికే ఇచ్చింది, దానికి తోడు ముక్కలు కూడా తనే కోసి, కడిగి, గిన్నెలో పెట్టి వెళ్లింది. పులుసు కుదిరింది. రెండుసార్లు వడ్డించుకున్నాను. ఇంత జరిగాక కూడా ఆకలి వేస్తోందంటే సిగ్గేసింది.

మే 11, గురువారం

ఇవాళ పెళ్లి కావలసిన రోజు.

పదకొండింటికి వంట చేసుకుంటున్నాను. గేటు దగ్గర బండి ఆగింది. స్టాండు వేసిన చప్పుడు, తర్వాత ఇనప గేటు గొళ్లెం. చేతిలో గరిటె ఆగిపోయింది. లాయిడ్ వచ్చాడనుకున్నాను. వాడి బకెట్టు నిండుగా ఉందా, వాడి చొక్కా ఇస్త్రీ అయిందా, అన్నం పలుకు మీద ఉందా అని ఒక్క క్షణంలో ఇల్లంతా కళ్లతో వెతికేశాను. పదకొండేళ్లుగా ఆ చప్పుడు విన్న ప్రతిసారీ ఇలాగే వెతుక్కుంటున్నానని ఇవాళే తెలిసింది. దాన్ని ప్రేమ అనుకున్నాను.

"టీచరమ్మా, మా ఇంటికి నీల్లొచ్చినయ్, మీకు రెండు బిందెలు తెచ్చినా" అని కేకేశాడు బయట నుంచి. పక్కింటి నూకన్న.

వాడు కాదు.

"దేవునికి స్తోత్రం" అన్నాను. పైకే అన్నాను, నూకన్నకి వినబడేంత గట్టిగా.

రూతు నాలుగేళ్ల బిడ్డని నా ఒళ్లో పెట్టి వెళ్లింది. ఆ బిడ్డ ఇంటికి రాలేదని స్తోత్రం చెప్పాను. పొయ్యి ఆపేసి, వంటింట్లోనే కింద కూర్చుని ఏడిచాను, చాలాసేపు. నూకన్న బిందెలు గడప లోపల పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయాడు.

రేపు మళ్లీ బండి ఆగితే, అది వాడిది కాకపోతే, మళ్లీ ఆ మాటే అంటాను.